చీటీ మీద బీపీపీ-8

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వజ్రపుకొత్తూరు మండలంలోని మా జీడితోటలో చాలా చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అవి మా తాత పిక్కలు నాటి పెంచిన చెట్లు. ఉద్దానంలో అప్పుడు అందరి కథా అదే కాబట్టి దాని గురించి ఇక్కడ విస్తరించను. మరుసటి ఏడాది వానల్లో నాన్న ఒక ప్రైవేటు నర్సరీ నుంచి అంటుమొక్కలు తెచ్చి నాటాడు. ప్రతి మొక్కకూ ఒక చీటీ కట్టి ఉంది, ప్రతి చీటీ మీదా బీపీపీ-8 అని రాసి ఉంది, అది బాపట్ల పరిశోధన స్థానం విడుదల చేసిన ఒక జీడిమామిడి రకం పేరు. నాలుగేళ్ల తరువాత కాపు నిలదొక్కుకున్నాక, ఆ వరుసల్లో కొన్ని చెట్ల పిక్కలు తక్కినవాటికంటే బాగా చిన్నవిగా ఉన్నట్టు కనిపించింది. బీపీపీ-8 పిక్క సగటు బరువు 8.2 గ్రాములని పుస్తకాలు చెబుతాయి, అంటే కిలోకు సుమారు 120 పిక్కలు తూగాలి. ఆ చెట్ల కింద ఏరినవి కిలోకు 200 దాకా తూగాయి. పలాసలో పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగినా, కొనేవాడి చూపు పిక్క పరిమాణం మీదే ఉంటుంది. పెద్ద పిక్కకు పెద్ద గుండు, అంటే విరగని పప్పు, వస్తుంది, పెద్ద గుండుకు పెద్ద ధర పలుకుతుంది.

"ఒక తల్లి పిల్లలే ఒక్కలా ఉండరు కదమ్మా, చెట్లేటి ఉంటాయి?" అని నాన్న తేల్చేశాడు. మాట బాగానే ఉంది కానీ అంటుమొక్కల విషయంలో అది చెల్లదు. పిక్క నుంచి మొలిచిన మొక్క తల్లికి బిడ్డ. తల్లిచెట్టు కొమ్మను మరో మొలక మీద అతికించగా పెరిగిన మొక్క బిడ్డ కాదు, వేరే వేళ్ల మీద నిలబడిన ఆ తల్లిచెట్టే. నేలను బట్టి, నీటిని బట్టి కాపు కొంత మారవచ్చు, పిక్క బరువు కూడా కొంత అటూ ఇటూ కావచ్చు. ఒకే వరుసలో, ఒకే ఇసుకనేలలో పక్కపక్కనే ఉన్న చెట్ల మధ్య ఇంత తేడా వచ్చినప్పుడు మాత్రం అది నేల చేసిన పని అనుకోవడం నాకు కష్టమైంది. నేను ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను, ఎమ్మెస్సీలో జీడిమామిడి ఆకుల నుంచి డీఎన్‌ఏ తీయడానికి ఒక ఏడాది తంటాలు పడ్డాను. అందుకే ఈ తగాదాను ఆకుల చేతనే తీర్పు చెప్పించాలని అనిపించింది.

జీడిమామిడిలో ప్రతి పూగుత్తిలోనూ మగపూలు, ద్విలింగ పూలు కలిసి ఉంటాయి. పురుగులు ఒక చెట్టు పుప్పొడిని మరో చెట్టుకు మోస్తాయి కనుక ఎక్కువగా పరపరాగ సంపర్కమే జరుగుతుంది, పిక్కకు తల్లి ఎవరో తెలిసినా తండ్రి ఎవరో తెలియదు. మా తాత తోటలో ఒక చెట్టు పండ్లు ఎర్రగా, పక్కదానివి పచ్చగా ఉండేవి. ఒకటి సంక్రాంతికే పూతకు వస్తే మరొకటి నెల ఆలస్యంగా వచ్చేది. అప్పట్లో తోటంటే వంద చెట్లు, వంద రకాలు. బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు పడమటి తీరానికి తెచ్చిన ఈ చెట్టు, ఇసుకను పట్టి ఉంచుతుందని, బంజరులో బతుకుతుందని తూర్పు తీరానికీ వ్యాపించింది. అది పిక్కల రూపంలోనే నడిచింది కనుక, వచ్చిన దారి పొడవునా కొత్త కలయికలు పుడుతూనే ఉన్నాయి. మెత్తకొమ్మ అంటు పద్ధతి వాడుకలోకి వచ్చాక లెక్క తారుమారైంది. మంచి చెట్టు ఒకటి దొరికితే దాన్నే వేల ఎకరాల్లో నిలబెట్టే వీలు కలిగింది, దిగుబడి పెరిగింది, తోటలో ఉండే వైవిధ్యం తగ్గింది.

బాపట్ల పరిశోధన స్థానం విడుదల చేసిన రకాల వంశవృక్షం చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. అక్కడ టి.నెం.1 అనే ఒక చెట్టు ఉంది. దానికీ 273వ నంబరు చెట్టుకూ సంకరం చేయగా వచ్చినవి బీపీపీ-1, బీపీపీ-2. అదే టి.నెం.1కూ 39వ నంబరు చెట్టుకూ సంకరం చేయగా వచ్చింది బీపీపీ-8. ఇక బీపీపీ-5 అయితే టి.నెం.1 నుంచే ఎంపిక చేసిన రకం. పేర్లు నాలుగున్నా, మన భాషలో చెప్పాలంటే ఇది ఒక తల్లి, ఇద్దరు సొంత తోబుట్టువులు, వేరే తండ్రికి పుట్టిన మరో బిడ్డ. మహారాష్ట్రలోని వేంగుర్ల రకాలదీ అదే వరస. వేంగుర్ల-3, వేంగుర్ల-4 రెండింటికీ వెటోర్-56 ఒక జన్మదాత. ఆ వేంగుర్ల-3ను వాడి వేంగుర్ల-7ను తయారుచేశారు కనుక, దానికి వెటోర్-56 తాత వరస అవుతుంది. ఒక రైతు తన తోటలో నాలుగు రకాలు వేశానని సంతోషించవచ్చు, ఆ నాలుగూ ఒకే ఇంటివి కావచ్చు. రకాల జాబితా ఎంత పొడవుందో చూసి జన్యు వైవిధ్యాన్ని కొలవలేకపోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

వంశవృక్షం కాగితం మీద ఉన్నదాన్నే చెబుతుంది. కాగితం తప్పినా, చీటీలు తారుమారైనా చెట్టునే అడగాలి. చెట్టును అడగడానికి వాడే ఆనవాళ్లనే మాలిక్యులర్ మార్కర్లు అంటారు. జీడిమామిడికి చుట్టమైన నల్లజీడి రసంతో చాకలివారు ఏ ఇంటి బట్ట ఏదో తెలిసేలా గుర్తులు పెట్టేవారు. బట్ట ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు చెరిగేది కాదు. డీఎన్‌ఏలోని గుర్తులు కూడా అలాంటివే. ఎరువు వేసినా వేయకపోయినా, చెట్టు ఇసుకలో ఉన్నా ఎర్రనేలలో ఉన్నా, లేతదైనా ముదురుదైనా అవి మారవు. పండు రంగు, ఆకు ఆకారం, పిక్క బరువు చూసి రకాన్ని గుర్తుపట్టే పాత పద్ధతికి కాపు దాకా ఆగాలి, వాతావరణపు ప్రభావాన్ని తీసివేసి చూడాలి. డీఎన్‌ఏకు నారుమడిలోని ఒక్క లేతాకు చాలు.

ఆ ఒక్క ఆకు నుంచి శుభ్రమైన డీఎన్‌ఏ తీయడం మాత్రం పుస్తకంలో చదివినంత సులువు కాదు. జీడి కుటుంబపు చెట్లన్నిటిలాగే దీని ఆకుల్లో కూడా ఫీనాల్ పదార్థాలు, జిగురు చక్కెరలు దండిగా ఉంటాయి. ఆకును నూరగానే ఫీనాళ్లు గాలి తగిలి గోధుమరంగుకు తిరిగి డీఎన్‌ఏకు అంటుకుంటాయి, ఆ పైన డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో వాడే ఎంజైము దాని మీద పనిచేయదు. ఎమ్మెస్సీ రోజుల్లో మొదటి రెండు నెలలు నా గొట్టాల అడుగున చేరింది టీ డికాషన్ మడ్డి లాంటి పదార్థమే. చివరకు పని చేయించిన సంగతులు చాలా చిన్నవి. ముదురాకు జోలికి పోకుండా ఇంకా రాగిరంగులో ఉన్న చిగురాకునే కోయడం, కోసిన వెంటనే సిలికా జెల్‌లో వేసి ఎండబెట్టడం, ద్రవ నత్రజనిలో పిండిలా నూరడం, కణాల నుంచి డీఎన్‌ఏను విడదీసే సీటీఏబీ ద్రావణంలో ఫీనాళ్లను పట్టుకునే పీవీపీని కలపడం, ఆక్సీకరణను ఆపడానికి మెర్కాప్టోఇథనాల్ వేయడం, ఆ తరువాత క్లోరోఫాంతో ఒకటికి రెండుసార్లు కడగడం. మెర్కాప్టోఇథనాల్ వాసన గురించి తెలిసినవారికి చెప్పనక్కరలేదు, తెలియనివారికి చెప్పినా నమ్మరు. చివరి గొట్టంలో ఐసోప్రొపనాల్ పోసినప్పుడు తెల్లని దారపు పోగు తేలితే, ఆ రోజు గెలిచినట్టే.

డీఎన్‌ఏ చేతికి వచ్చాక ఏ మార్కరుతో చూడాలన్నది రెండో ప్రశ్న. 1983లో కేరీ ముల్లిస్ పీసీఆర్ పద్ధతిని కనిపెట్టాక ఈ రంగం రూపమే మారింది. 1990లో ఆర్‌ఏపీడీ వచ్చింది. ప్రైమరు అనే పది అక్షరాల చిన్న డీఎన్‌ఏ ముక్క ఒకటి వేస్తే, అది జన్యుపదార్థంలో ఎక్కడెక్కడ అతుక్కుంటే అక్కడక్కడ నకళ్లు తయారై, జెల్ మీద గీతలుగా కనిపిస్తాయి. ఒక రకంలో ఉన్న గీత మరో రకంలో లేకపోతే అది తేడా. ముందుగా ఆ చెట్టు డీఎన్‌ఏ గురించి ఏమీ తెలియనక్కరలేదు, ఖర్చూ తక్కువ, అందుకే మన దేశపు ప్రయోగశాలల్లో అది అల్లుకుపోయింది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. అతుకు అంత గట్టిది కానందువల్ల ఉష్ణోగ్రత కాస్త మారినా గీతలు మారతాయి. ఒకే గొట్టంలోని డీఎన్‌ఏను సోమవారం నడిపితే వచ్చిన గీత గురువారం నడిపితే రాకపోవడం నేను కళ్లారా చూశాను. 2003లో ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో శాస్త్రవేత్తలు భారతీయ జీడిమామిడి రకాల డీఎన్‌ఏ వేలిముద్రలను ప్రచురించినప్పుడు ఆర్‌ఏపీడీతో పాటు కొంత నిలకడైన ఐఎస్ఎస్ఆర్ పద్ధతిని కూడా వాడారు. ఈ రెండింటికీ, 1995లో వచ్చిన ఏఎఫ్ఎల్‌పీ అనే మరో గీతల పద్ధతికీ ఉమ్మడిగా ఒక లోటుంది. గీత ఉందా లేదా అనేదే తెలుస్తుంది, ఆ గీత తల్లి నుంచి మాత్రమే వచ్చిందా, తల్లి తండ్రి ఇద్దరి నుంచీ వచ్చిందా అన్నది తెలియదు.

మా తోట తగాదాకు నాకు కావలసింది సరిగ్గా అదే కాబట్టి ఎస్ఎస్ఆర్ మార్కర్లను ఎంచుకున్నాను. డీఎన్‌ఏలో అక్కడక్కడ రెండు మూడు అక్షరాలు సీఏసీఏసీఏ అంటూ నత్తి వచ్చినట్టు పదే పదే వస్తాయి. నకలు తీసే ఎంజైము అలాంటి చోట అప్పుడప్పుడు లెక్క తప్పుతుంది, అందువల్ల తరాలు గడిచేకొద్దీ ఒక చెట్టులో ఆ జంట 12 సార్లు, మరో చెట్టులో 15 సార్లు ఉండేలా తేడాలు ఏర్పడతాయి. ఆ చోటుకు రెండు వైపులా ఉన్న మారని అక్షరాలకు సరిపడే ప్రైమర్లు వేసి, వచ్చిన ముక్క పొడవు కొలిస్తే చాలు. ప్రతి చెట్టుకూ ప్రతి చోటా రెండు పొడవులుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. జీడిమామిడికంటూ ప్రత్యేకంగా తయారైన ఎస్ఎస్ఆర్ ప్రైమర్లు 2006లో ప్రచురణలోకి వచ్చాయి.

ఇందులోని తర్కం పల్లెటూరి పంచాయతీలో చెప్పుకోగలిగినంత సరళం. ఉదాహరణకు ఒక చోట తల్లికి 150, 156 పొడవులు, తండ్రికి 160, 166 పొడవులు ఉన్నాయనుకుందాం. బిడ్డకు 150-160, 150-166, 156-160, 156-166 అనే నాలుగింటిలో ఏదో ఒకటే రావాలి. ఒకే అమ్మానాన్నలకు పుట్టిన ఇద్దరికి ఈ చోట ఒకే జత వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకదానితో ఒకటి ముడిపడని ఇలాంటి పది చోట్లు చూస్తే, పదింటిలోనూ ఇద్దరూ అచ్చంగా ఒకేలా ఉండే అవకాశం పది లక్షల్లో ఒకటి కంటే తక్కువ. అదే ఒక చెట్టు నుంచి తీసిన రెండు అంట్లయితే అన్ని చోట్లా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండి తీరాలి. తల్లీబిడ్డలైతే ప్రతి చోటా కనీసం ఒక పొడవు కలవాలి. సంబంధం లేనివైతే కొన్ని చోట్ల ఒక్కటీ కలవదు. బీపీపీ-1, బీపీపీ-2 లాంటి సొంత తోబుట్టువులను ఆకు చూసి విడదీయడం నిపుణులకు కూడా కష్టమే, ఈ పద్ధతిలో మాత్రం విద్యార్థి కూడా విడదీయగలడు.

తోటలో ఆరు చెట్ల చిగుళ్లు కోశాను. నాలుగు పెద్ద పిక్కల చెట్లవి, రెండు చిన్న పిక్కల చెట్లవి. పోల్చడానికి బాపట్లలో వంశం నికరంగా తెలిసిన బీపీపీ-8 చెట్టు ఆకులు సంపాదించాను. నాతో చదువుకున్న స్నేహితురాలు పనిచేసే ప్రయోగశాలలో 12 చోట్లు చూశాం. నాలుగు పెద్ద పిక్కల చెట్లూ బాపట్ల చెట్టుతో 12కు 12 చోట్లా కలిశాయి. మిగిలిన రెండూ కలవలేదు. అంతవరకు నేను అనుకున్నదే జరిగింది, ఆ నర్సరీవారి మీద మనసులో ఒక ఫిర్యాదు పత్రం కూడా రాసుకున్నాను. రెండోసారి పట్టికను నింపాదిగా చూసినప్పుడు ఆ రెండు చెట్లూ ఒకేలా తేడాగా లేవని అర్థమైంది. మొదటిది 12 చోట్లా బీపీపీ-8తో కనీసం ఒక పొడవు పంచుకుంది. అంటే అది బీపీపీ-8 చెట్టుకు కాసిన పిక్క నుంచి మొలిచిన బిడ్డ కావడానికే ఎక్కువ అవకాశం. రెండోదానికి అయిదు చోట్ల ఒక్క పొడవు కూడా కలవలేదు, అది ఆ ఇంటి మనిషే కాదు. ఈ రెండో చెట్టు సంగతి చివర్లో చెబుతాను.

ఇలాంటి పట్టికనే ఒక తోటకు బదులు దేశంలోని రకాలన్నిటికీ తయారుచేస్తే దాన్ని జన్యు వైవిధ్య అధ్యయనం అంటారు. అక్కడ ఒక చోట ఎన్ని రకాల పొడవులున్నాయన్నది ఎంత ముఖ్యమో, అవి ఏ నిష్పత్తిలో ఉన్నాయన్నది కూడా అంతే ముఖ్యం. ఒక చోట రెండే పొడవులుండి, పదింట తొమ్మిది వంతులు ఒకటే అయితే, ఒక్కో నిష్పత్తినీ వర్గం చేసి కూడి 1 నుంచి తీసివేయగా 0.18 వస్తుంది. అవే రెండూ సగం సగం ఉంటే 0.5 వస్తుంది. 0.5, 0.3, 0.2 నిష్పత్తుల్లో మూడుంటే 0.62 వస్తుంది. యాదృచ్ఛికంగా తీసిన రెండు ప్రతులు వేర్వేరు కావడానికి ఉండే అవకాశమే ఈ అంకె. దీన్ని పట్టే ఏ మార్కరు రకాలను విడదీయడానికి పనికొస్తుంది, ఏది పనికిరాదు అనేది తేలుతుంది.

పరిశోధనా వ్యాసాల్లో ఆ తరువాత తప్పకుండా ఒక కొమ్మల చిత్రం వస్తుంది. దగ్గరి రకాలను ఒక కొమ్మ మీద, దూరపు రకాలను వేరే కొమ్మ మీద చూపించే ఆ డెండ్రోగ్రాం మీద నాకు మొదటి నుంచీ కొంత అనుమానం ఉంది. అది తప్పని కాదు, కంప్యూటరుకు ఏ అంకెలిచ్చినా అది ఏదో ఒక చెట్టును గీసి ఇస్తుంది, అర్థంలేని అంకెలిచ్చినా సరే. ఏ కొమ్మ నమ్మదగినదో పరీక్షించకుండా, ఇరవై గీతలు మాత్రమే చూసి, ఫలానా రాష్ట్రపు రకాలు ఒక గుంపుగా వచ్చాయని రాసిన వ్యాసాలను చదివినప్పుడు, ఆ రకాలకు ఉమ్మడి తల్లి ఉందేమో ముందు చూశారా అని అడగాలనిపిస్తుంది. ఊరు కలపడం వేరు, ఇల్లు కలపడం వేరు.

మార్కర్లు చెప్పలేనిది కూడా ఒకటుంది. ఎస్ఎస్ఆర్ చోట్లలో ఎక్కువ భాగానికి చెట్టు చేసే పనితో ప్రత్యక్ష సంబంధం లేదు. రెండు రకాలు వాటిలో దూరంగా ఉన్నంత మాత్రాన ఒకటి టీ దోమ అనే పురుగును తట్టుకుంటుందని గానీ, మరొకటి బాగా కాస్తుందని గానీ అనలేం. సంకరానికి జోడీలు వెతికేవారికి మాత్రం దూరపు జోడీని చూపించడం వరకు ఉపయోగపడతాయి. రకాల చట్టబద్ధ నమోదుకు కూడా 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద ప్రధానంగా కంటికి కనిపించే లక్షణాలనే చూస్తారు.

గింజపప్పుల చెట్లలో జన్యు పునాది ఎంత ఇరుకుగా ఉండగలదో మకాడమియా చూపించింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవుల్లో పుట్టిన ఆ చెట్టును హవాయిలో రకాలుగా తీర్చి ప్రపంచమంతా నాటారు. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం హవాయి రకాల ఆకుల్లోని హరితరేణువుల జన్యుపదార్థాన్ని అడవి చెట్లతో పోల్చి, వాటి మూలం జింపీ పట్టణం దగ్గరి ఒక చిన్న ప్రాంతానికి పోతుందని చూపించింది. అంత పెద్ద పంట అంత చిన్న చోటి చెట్ల మీద నిలబడి ఉంది. మన జీడిమామిడి అంత ఇరుకున పడలేదు, పిక్కలతో నాటిన పాత తోటలే అందుకు కారణం. ఉద్దానంలో తిత్లీ కూల్చినవి ఆ తోటలే. వాటి స్థానంలో ఒకటి రెండు రకాల అంట్లను నాటుతున్న రైతును నేను తప్పుపట్టలేను, దిగుబడి కావాలి, అప్పు తీర్చాలి. ఆ పాత చెట్లలో ఏమున్నదో చూసుకోకుండా కొట్టివేయడం మాత్రం నాకు కొరుకుడుపడని విషయం.

ఇక ఆ రెండో చెట్టు సంగతి. పట్టిక చేతిలో పట్టుకుని నాన్నా నేనూ రెండు చిన్న పిక్కల చెట్ల దగ్గరికీ వెళ్లి మొదళ్లలో మట్టి తవ్వి చూశాం. మొదటిదానికి అంటు కట్టిన గుర్తే ఎక్కడా లేదు, అది పిక్క మొలకనే అంటని అమ్మిన మొక్క, ఆకు చెప్పినది నిజమే. రెండోదానికి నేలకు జానెడు ఎత్తున అంటు ముడి ఉంది. ముడికి పైన వేలెడు పొడవున ఎండిపోయిన పుల్ల ఉంది, చెట్టంతా ముడికి కింద నుంచి లేచిన కొమ్మ. నర్సరీవారు ఇచ్చింది బీపీపీ-8 అంటుమొక్కనే. పైకొమ్మ చచ్చిపోయి, ఏదో పిక్కకు మొలిచిన వేరుమొక్క చిగురు వేసి చెట్టయింది. ముడి కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయాలని అంటుమొక్కలు ఇచ్చేటప్పుడు అందరూ చెప్పే మాటే. ఆ ఏడాది తోట చూసే బాధ్యత నాన్న నాకు అప్పగించాడు, నేను వారాంతాల్లో వచ్చి నీళ్లు పెట్టి వెళ్లిపోయాను.

నాన్న ఏమీ అనలేదు. "ఇది తెల్సుకోడానికి అంత దూరం ఆకులు అట్టుకెళ్లాలా?" అని మాత్రం అడిగాడు. ఆ చెట్టును నరికి, వచ్చే కొత్త చిగుళ్ల మీద నిజమైన బీపీపీ-8 కొమ్మలు అంటు కడదామని నిర్ణయించుకున్నాం. తాత నాటిన వాటిలో తుపానుకు నిలిచిన చెట్లు ఏడు మిగిలాయి. నిరుడు చివర్లో వాటి చిగుళ్లు కోసి, నల్లరంగుతో మొదళ్లకు నంబర్లు వేశాను. ఆకులు ఏడు పొట్లాల్లో సిలికా జెల్‌తో సహా మా ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో, మామిడికాయ పచ్చడి జాడీ పక్కన ఉన్నాయి.